మంచక్క ఎంచుకున్న కొండ

మా కోల్డ్ స్టోరేజీలో ఆమెను అందరూ మంచక్క అనేవాళ్ళు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మంచి అక్క అని కొందరు, మంచులో తిరిగే అక్క అని కొందరు ఆ పేరుకు అర్థం చెప్పేవాళ్ళు. రెండూ నిజమే కాబట్టి ఎవరూ తవ్వి చూడలేదు.

ఆమె పని ఫోర్క్‌లిఫ్ట్ నడపడం. గడ్డకట్టిన బఠాణీలు, మొక్కజొన్న గింజలు, చేపలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు అట్టపెట్టెల్లో కప్పు దాకా పేర్చి ఉండేవి. వాటి మధ్య సన్నటి సందుల్లో ఆమె బండి ముందుకూ వెనక్కూ అద్దం మీద చెయ్యి జరిపినంత నున్నగా పోయేది. నేను బయట తూకం దగ్గర ఉండేదాన్ని. తలుపుకు వేలాడే రబ్బరు పట్టీలు పక్కకు జరిగి, తెల్లటి పొగ ముందొచ్చి, ఆ పొగలోంచి మంచక్క బండి వచ్చేది. దూది కుక్కిన కోటూ, దూది కుక్కిన ప్యాంటూ, మోకాళ్ళ దాకా బూట్లూ వేసుకుని, పరుపు లేచి పనికొచ్చినట్టుండేది. వెచ్చగదిలోకొచ్చి టోపీ తీస్తే ముందు వెంట్రుకలు తెల్లగా నెరిసి ఉండేవి. హీటరు దగ్గర కాసేపు నిలబడితే కరిగి మళ్ళీ నల్లబడేవి.

"మీకందరికీ వయసు ఒక్కసారే వస్తుంది. నాకు పొద్దున వచ్చి, టీ తాగేసరికి పోతుంది" అనేది.

పెళ్ళయిన కొత్తలో చేరింది అక్కడ. మొదటి వారం ఏడ్చిందట. ఏడుస్తే కన్నీళ్ళు బుగ్గల మీదే గడ్డకట్టాయనీ, ఏడుపు కూడా దండగేనని తెలిసి మానేశాననీ చెప్పేది. మేమందరం నాలుగు కాలాలపాటు అక్కడ ఉంటామో లేదోనని అనుకుంటూ ఉండేవాళ్ళం. ఆమె మాత్రం కూతురు పుట్టి, పెరిగి, ఉద్యోగం చూసుకుని వేరే ఊరు వెళ్ళేదాకా ఆ చలిలోనే బండి నడిపింది.

ఆమెకు స్కీయింగ్ పిచ్చి పట్టింది బఠాణీల వల్ల. ఒకరోజు పై వరసలోంచి ఒక పెట్టె జారి పడి పగిలింది. పచ్చటి గోలీల్లా గింజలు నేలంతా దొర్లాయి. ఏమైందో చూద్దామని మంచక్క బండి దిగి కాలు పెట్టింది. పెట్టిన కాలు పెట్టినట్టే ముందుకు పోయింది. రెండో కాలు దాని వెనకే పోయింది. పడుతుందని అందరం కేక పెట్టాం. ఆమె పడలేదు. చేతులు రెండూ చాచి, మోకాళ్ళు కొంచెం వంచి, ఆ సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడే జారిపోయింది. తలుపు పట్టీల్లోంచి బయటికొచ్చి, నా తూకం బల్ల పట్టుకుని ఆగింది. ముఖం చూస్తే చిన్నపిల్ల ముఖం.

"మళ్ళీ ఒక్కసారి చేస్తాను, ఆ గింజలు ఊడ్చకండి!" అంది.

సూపర్‌వైజరు ఊడ్పించేశాడు. కానీ ఆ సరదా ఆమె కాళ్ళలో ఉండిపోయింది. వెచ్చగదిలో టీవీలో ఎప్పుడైనా మంచుకొండల మీద పోటీలు వస్తే చేతిలో టీ చల్లారిపోయేది. వాళ్ళు వంగితే ఆమె వంగేది. వాళ్ళు గాల్లోకి ఎగిరితే కుర్చీలోంచి లేచేది. "ఎప్పటికైనా వెళ్తాను" అనేది. వినీ వినీ మాకు అలవాటైపోయింది. కొత్త బఠాణీ వచ్చి పడేది చలికాలంలోనే. ఆ రోజుల్లో మాకు సెలవన్న మాటే లేదు. మంచు కరిగాక సెలవిస్తే ఆమెకేం లాభం?

ఆ ఏడు చలికాలంలో చల్లదనం మిషన్లు మార్చాలని సరుకంతా వేరే గిడ్డంగికి తరలించి, పదిరోజులు మూసేస్తున్నామని కాగితం అంటించారు. అందరం చదువుతున్నాం. మంచక్క చదవడం అయిపోయినా కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"నడి చలికాలం! నడి చలికాలంలో సెలవు! నువ్వు చదివింది కూడా అదేనా? ఇంకోసారి చదువు!"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆమె భర్త డ్రైవింగు స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉండే రెండో బ్రేకు తొక్కుతూ ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. సోఫాలో కూర్చున్నా, టీవీలో ఎవరైనా పరిగెత్తితే ఆయన కాలు నేలను అదిమేది.

"రోజంతా మంచులోనే ఉంటావు కదోయ్. సెలవొస్తే కూడా మంచులోకేనా?" అన్నాడాయన.

"మీరు రోజంతా కార్లోనే ఉంటారు. సెలవొస్తే నడిచి పోదామంటారా?"

మాస్టారు తల్లి వైపు చూశాడు. ఆ ఇంట్లో మూడో మనిషి ఆవిడ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన అత్తయ్య. రోజూ వేలమంది గొంతులు విన్న మనిషికి ఇప్పుడు ఇంట్లో రెండే గొంతులు. ఎవరికైనా ఫోన్ చేసే పనుంటే చెప్పండ్రా అని అడిగి మరీ చేయించుకునేది. గ్యాసు పొయ్యి బాగుచేసేవాడికి ఫోన్ చేసినా, పెట్టేసేలోగా వాడి పెళ్ళాం పుట్టిల్లు ఎక్కడో తెలిసిపోయేది.

"నేనూ వస్తాను" అంది అత్తయ్య. "జారకపోతే మానె, జారిపడేవాళ్ళను చూస్తూ కూర్చుంటా."

అలా వెళ్ళడమైతే ఖాయమైంది. ఎక్కడికన్నదే తేలలేదు. వాళ్ళు వెళ్ళగలిగిన దూరంలో స్కీ రిసార్టులు రెండున్నాయి. వాటికి ఊరూ పేరూ ఉన్నా, ఆ ఇంట్లో మాత్రం పెద్ద కొండ, చిన్న కొండ అయ్యాయి.

పెద్ద కొండ బొమ్మలు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. గాజు డబ్బాల్లాంటి కేబుల్ కార్లు మబ్బుల్లోకి పోతుంటాయి. కొండ నిండా దువ్వెనతో దువ్వినట్టు వాలు మీద వాలు. కింద హోటళ్ళు, దీపాలు, రంగురంగుల కోట్లలో జనం. చిన్న కొండ బొమ్మల్లో ఒక చెక్క ఇల్లు, తాడుకు వేలాడుతూ పైకి పోయే జంట కుర్చీలు, ఒక కుక్క. కుక్క అన్ని బొమ్మల్లోనూ ఉంది.

"ఇన్నాళ్ళు ఎదురుచూసింది కుక్కను చూడ్డానికా?" అంది మంచక్క. "పెద్ద కొండకే పోదాం. పోతే ఏనుగు ఎక్కాలి గానీ ఎలుకనెక్కుతామా?"

"ఏనుగెక్కితే దిగడం ఎలాగో కూడా చూసుకోవాలి" అన్నాడు మాస్టారు. ఆయన బొమ్మల్లో చూసేది ఒక్కటే, వాలు చివర చదును ఎంత ఉందని. "చిన్న కొండకు కింద మైదానంలా ఉంది చూడు. బ్రేకు పడకపోయినా అదే ఆగుతుంది. పెద్దదాని కింద ఏముంది? హోటలు గోడ!"

"మీరు అన్నం ముందు కూర్చున్నా ముందు గోడ ఎక్కడుందో చూస్తారు."

"చూస్తాను కాబట్టే ఇన్నేళ్ళలో ఒక్క గీత కూడా పడలేదు నా బండికి."

కంచాల దగ్గర ఈ వాదన, టీ దగ్గర ఈ వాదన. ఆమె పొద్దున్నే వెచ్చగదిలోకొచ్చి రాత్రి ఎవరు గెలిచారో చెప్పేది. మేం కూడా రెండు జట్లయ్యాం. చేపల విభాగం మొత్తం పెద్ద కొండ. ఐస్‌క్రీమ్ వాళ్ళు చిన్న కొండ. అందులో ఒక్కరం కూడా స్కీ కర్రను చేత్తో పట్టుకున్నవాళ్ళం కాదు.

అత్తయ్య మాత్రం పండగ చేసుకుంటోంది. పొద్దున పెద్ద కొండకు ఫోను, మధ్యాహ్నం చిన్న కొండకు ఫోను. పెద్ద కొండ రిసెప్షన్‌లో ఒక అమ్మాయి పలికేది. చిన్న కొండ దగ్గర ఒకాయన. గది వెచ్చగా ఉంటుందా, మెట్లెన్ని, వేడినీళ్ళు రోజంతా వస్తాయా అని మొదలయ్యేది. ఆ అమ్మాయికి జలుబు తగ్గిందా, ఆయన మోకాలి నొప్పి ఎలా ఉంది అన్నదాకా పోయేది. నాలుగో ఫోనుకే ఆ అమ్మాయి "బామ్మగారూ" అనడం మొదలుపెట్టిందట.

ఇలా అయితే తెగదని, ముందు మనకసలు కాలు నిలుస్తుందో లేదో చూసుకుందాం పదమని మాస్టారే ఒక ఆదివారం ఇద్దరినీ బయల్దేరదీశాడు. ఊరి చివర ఒక పెద్ద రేకుల షెడ్డులో స్కీయింగ్ నేర్పే చోటుంది. మంచు లేదు. తెల్లటి కుచ్చు తివాచీ పరిచిన ఏటవాలు, దాని మీద చిమ్మిన నీళ్ళు, కింద స్పాంజి గోడ. అంతే. బూట్లు వేసుకుంటే కాళ్ళకు సిమెంటు దిమ్మలు కట్టినట్టుంది. వాటికి పొడుగాటి స్కీలు రెండు టక్కుమని తగిలించారు.

నేర్పే కుర్రది అంది, "ఒక్కో కాలు ఒక్కోదాని మీద. రెంటి మీదా బరువు సమానంగా వెయ్యాలి."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని చిన్నప్పట్నుంచీ చెప్పారు. ఇక్కడ నేర్పేదే అదన్నమాట" అని అత్తయ్య గోడ పక్క బెంచీ మీంచి అంది.

మంచక్క పైన అంచు దాకా వచ్చింది. ముందుకు చూసింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఫోర్క్‌లిఫ్ట్ మీద ఎంత ఎత్తుకు సరుకు ఎత్తినా ఆమె మాత్రం నేల మీదే ఉండేది. బఠాణీల రోజున కూడా నేల చదునుగానే ఉంది. ఇక్కడ నేల కాళ్ళ కిందనుంచి తప్పుకుని కిందికి పోతోంది.

"మీరు ముందు వెళ్ళండి" అంది భర్తతో.

మాస్టారు వెళ్ళాలని వెళ్ళలేదు. స్కీలే వెళ్ళాయి. మొదటి నాలుగడుగులూ ఆయన కుడికాలు అలవాటు కొద్దీ బ్రేకు కోసం అదిమింది. బ్రేకు లేదు. అదిమినకొద్దీ వేగం పెరిగింది. అప్పుడాయన నోట్లోంచి ఒక కేక వచ్చింది. అది భయమో సంతోషమో మంచక్కకు తెలియలేదు. స్పాంజి గోడలోకి తలదాకా దూరిపోయి, బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, చేతులు రెండూ పైకెత్తాడు.

"తొక్కడానికి ఏమీ లేదోయ్! నా కాలికి తొక్కడానికి ఏమీ లేదు!"

మనిషి ఊగిపోతున్నాడు. వెంటనే మళ్ళీ పైకెక్కాడు. మళ్ళీ జారాడు. నేర్పే కుర్రది మెల్లగా, మెల్లగా అని అరుస్తుంటే, ఆయన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా ఇన్నేళ్ళు విన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. మంచక్క మాత్రం అంచున కూర్చుని, కూర్చునే కిందికి దిగింది.

ఇంటికి చేరేసరికి కథ అడ్డం తిరిగింది.

"పెద్ద కొండకే పోదాం. ఆ చిన్నది ఏం చాలుతుంది?" అన్నాడు మాస్టారు చెప్పులు విప్పుతూనే.

"నేను చిన్న కొండకైతేనే వస్తాను" అంది మంచక్క.

"నిన్న ఏనుగన్నావు!"

"నిన్న ఏనుగును చూడలేదు."

అత్తయ్య నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. "ఇన్నాళ్ళూ కలవని మీ మాట ఇవాళ కూడా కలవలేదంటే, మీది గట్టి సంసారమేనర్రా. ఉండండి, దీని సంగతి నేను తేలుస్తా."

తేల్చడానికి ఆవిడకు తెలిసిన దారి ఒక్కటే. స్పీకరు పెట్టి పెద్ద కొండకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఒక్క మాట నిజం చెప్పు. నీకు సెలవొస్తే జారడానికి నువ్వెక్కడికెళ్తావు?"

అవతల అమ్మాయి గొంతు తగ్గించింది. "మీకు కాబట్టి చెప్తున్నా బామ్మగారూ. చిన్న కొండకు. ఇక్కడ ఒక్కసారి పైకెళ్ళాలంటే వరసలో నిలబడే మనిషికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. అక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది."

మంచక్క ముఖం వెలిగింది. మాస్టారు గొణిగాడు. అత్తయ్య వేలెత్తి ఆగమని, చిన్న కొండకు చేసింది. అదే ప్రశ్న.

"నేనా అమ్మా? పెద్ద కొండకే" అన్నాడాయన, తడుముకోకుండా. "పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఈ వాలే చూస్తున్నాను. అక్కడైతే రోజుకో వాలు! నా సెలవులన్నీ అక్కడే."

అత్తయ్య ఫోను పెట్టేసింది. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా! కొండ మీదున్నవాళ్ళకి కూడా అవతలి కొండే నునుపు" అంది. తేల్చబోయిన సంగతి ఇంకో ముడి పడింది.

ఆ వారమంతా సరుకు తరలించే పని ఉధృతంగా సాగుతోంది. వరస వెనక వరస ఖాళీ అవుతోంది. చివరి పెట్టెలు తెచ్చిన మధ్యాహ్నం ఆమె బండి ఆపి, లోపలికి రమ్మని నన్ను పిలిచింది. ఇన్నేళ్ళలో ఆ గది ఖాళీగా ఎవరం చూడలేదు. మా మాటలు గోడలకు తగిలి తిరిగొస్తున్నాయి. ఆమె తలెత్తి చూస్తోంది. పైన రేకులు, గొట్టాలు, తెల్లగా పేరుకున్న మంచు.

"నేనెరిగిన చలి ఇదొక్కటే. దీనికో కప్పు ఉంది" అంది. "కప్పు లేని చలి ఎలా ఉంటుందో చూడాలి. అన్నిటికంటే పైన నిలబడాలి. నిలబడి, తిరిగి కేబుల్ కారెక్కి రావడం కాదు. అక్కణ్ణించి నా కాళ్ళ మీద నేను కిందికి రావాలి. నాకు కావాల్సింది అదీ. వాళ్ళను అడగాల్సింది కూడా అదే. ఇన్ని రోజులూ ఎన్ని మెట్లు, ఎన్ని గదులని అడిగి చచ్చాం."

"మరి భయం?" అన్నాను. షెడ్డులో జరిగింది నాకు చెప్పే ఉంది.

"ఉంది. ఎక్కడికి పోతుంది? పక్క సీట్లో కూర్చోమను. బండి నేను నడుపుతా."

బయటికి రాగానే వెచ్చగదిలో అందరి మధ్యా కూర్చుని ఫోను తీసింది. చేపలవాళ్ళూ ఐస్‌క్రీమ్‌వాళ్ళూ చుట్టూ చేరారు. గది హీటరు చప్పుడు కూడా ఎవరో ఆపేశారు.

ముందు పెద్ద కొండ అమ్మాయి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కొండ కొన నుంచి జారి రావచ్చా అని అడిగింది మంచక్క.

"లేదండీ. కొత్తవాళ్ళకు కింద కంచె కట్టిన మైదానం ఉంది, చాలా బాగుంటుంది. కొనకు కేబుల్ కారులో వెళ్ళి, చూసి, అందులోనే రావచ్చు. పైనుంచి వచ్చే వాలు బాగా ఆరితేరిన వాళ్ళకే."

చేపల విభాగం ఉసూరుమంది.

చిన్న కొండ ఆయన కొంచెం ఆలోచించాడు. "కొన నుంచా? మూడు నాలుగు రోజులు బుద్ధిగా నేర్చుకుంటే వచ్చెయ్యొచ్చమ్మా. కొండ చుట్టూ తిరిగే దారొకటుంది. వెడల్పుగా, వంకరలు తిరుగుతూ, చెట్లలోంచి వస్తుంది. మా చిన్నపిల్లలు కూడా జారుకుంటూ వచ్చే దారే అది. తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి ఆగుతుంది."

"కొన అంటే కొనే కదా? దానికంటే పైన ఇంకేమీ లేదు కదా?"

"ఆకాశం ఉందమ్మా" అన్నాడాయన.

మంచక్క కుర్చీలోంచి లేచింది. "రాసుకోండి! మేం ముగ్గురం వస్తున్నాం!" అని ఫోనులోకి అరిచింది. మేమంతా అరిచాం. అవతలాయన ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. ఎదుటి జట్టు గెలిచినా చేపలవాళ్ళు కూడా బల్లలు బాదారు. టీ ఒలికింది. సూపర్‌వైజరు వచ్చి ఏమైందని అడిగి, తెలిశాక తనూ ఒక దెబ్బ వేశాడు బల్ల మీద.

సాయంత్రం మాస్టారు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "పెద్ద కొండ అనుకుని తొడలకు కసరత్తు కూడా మొదలెట్టాను కదోయ్."

"కొండ వెనక వైపు నిటారు వాలు ఒకటుందట. అడిగాను."

"ఎంత నిటారు?"

"పైనుంచి చూస్తే కనబడదట. దిగితేనే కనబడుతుందట."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే సరే" అన్నాడు, కసరత్తు కొనసాగిస్తూ.

బయల్దేరేముందు ముగ్గురి బట్టలూ మంచక్కే సర్దింది. చలి సంగతి నాకంటే ఎవరికి తెలుసునని ఆమె ధీమా. బనీను మీద బనీను, దాని మీద ఉన్ని, దాని మీద దూది, రెండేసి జతల మేజోళ్ళు. చిన్న కొండ దగ్గర దిగేసరికి ఆకాశం నీలంగా మెరుస్తోంది. ఎండ మంచు మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. గాలి లేదు. మాస్టారు బస్టాపు నుంచి చెక్క ఇంటి దాకా నడిచేలోగా చెమటతో తడిసిపోయాడు. దారి పొడుగునా ఒక్కొక్కటే విప్పి చేతిలో మోసుకుంటూ వచ్చాడు.

"ఇదేం చలే? మన వంటింట్లో ఇంతకంటే చలి!"

మంచక్క ఆ మాట వినలేదు. చేతి తొడుగు తీసి మంచులో చెయ్యి పెట్టి చూస్తోంది. "మా కోల్డ్ స్టోరేజీ మంచులా లేదండీ. ఇది మెత్తగా ఉంది. ఇది... ఇది వాసన వస్తోంది!" అని గుప్పెడు తీసి అత్తయ్య ముక్కు దగ్గర పెట్టింది.

ఫోనులో మాట్లాడిన ఆయన చెక్క ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గొంతును బట్టి పొడుగ్గా, బక్కగా ఉంటాడని అత్తయ్య ఊహించుకుంది. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. ఆవిడ నోరు తెరిచి "మోకాలెలా ఉంది?" అనగానే ఆయన చేతిలో సంచి కింద పెట్టేసి, "మీరేనా!" అన్నాడు. ఇద్దరూ ఆ ఇంటి వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ వారంలో ఎక్కువ భాగం అక్కణ్ణించి కదల్లేదు.

నేర్పడానికి వచ్చినావిడ అరవై దాటిన మనిషి. గొంతు మాత్రం కొండ అవతలికి వినబడుతుంది. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. "స్కీల ముందు కొసలు దగ్గరికి, మడమలు ఎడంగా! కిందికి చూడకు, వెళ్ళే వైపు చూడు! ఎటు చూస్తే అటే పోతావు!" ఇవే మూడు మాటలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మొదటి రోజు మంచక్క నిలబడ్డదానికంటే కూర్చున్నదే ఎక్కువ. నడుములు పట్టేశాయి. రెండో రోజు ఒక మలుపు తిరగడం వచ్చింది. అది ఎడమ వైపు మలుపే. కుడికి తిరగాల్సి వచ్చినప్పుడల్లా పడిపోయేది. పడ్డప్పుడల్లా నవ్వొచ్చేది. మూడో రోజు మధ్యాహ్నం కుడి మలుపు కూడా వచ్చేసింది, ఎలా వచ్చిందో తెలియకుండానే. ఈతలో కాళ్ళు నేల వదిలిన క్షణంలా ఉందట.

"రేపు కొన" అంది టీచరమ్మ.

మర్నాడు పొద్దున జంట కుర్చీలో ఆవిడ పక్కన కూర్చుని పైకి వెళ్తుంటే, కాళ్ళ కింద చెట్ల కొసలు చిన్నవైపోతుంటే, మంచక్క కుర్చీ ఊచను రెండు చేతులా పట్టుకుంది. పైన దిగింది. నిజంగానే అంతకంటే పైన ఏమీ లేదు. నాలుగు దిక్కులా తెల్లటి కొండలు. దూరాన పెద్ద కొండ కూడా కనబడింది, దాని కేబుల్ కార్లు మెరుస్తూ. గాలి చెంపల మీద చురుక్కుమంటోంది. ఊపిరి తెల్లగా వచ్చి, ఆగకుండా పైకి పోతోంది. ఎంత పైకి పోతుందోనని తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

"ఏడుస్తున్నావా?" అంది టీచరమ్మ.

"ఎండ" అంది మంచక్క.

కదిలింది. మొదటి వంకర దగ్గరే పడింది. లేచింది. కొసలు దగ్గరికి, మడమలు ఎడంగా. రెండో వంకర దాటింది. చెట్లలోకి వచ్చింది. కొమ్మల మీంచి మంచు పొడి రాలుతోంది. స్కీల కింద మంచు సన్నగా కరకరమంటోంది. ఇంకే చప్పుడూ లేదు. భయం పక్కనే ఉంది, ఉండి ఉండి ఏదో గొణుగుతోంది గానీ ఆమెకు దాని మాట వినే తీరిక లేదు. ఎడమకు, కుడికి, ఎడమకు. ఒకచోట చెట్లు విడిపోయి దారి వెడల్పుగా, తిన్నగా పరుచుకుంది. అక్కడ ఆమె చేతులు చాచేసింది. గొంతెత్తి పాడిందట కూడా. ఏం పాట అని అడిగితే, పాట కాదు, ఊరికే ఆ ఆ అన్నాను అంది.

చెక్క ఇల్లు కనబడింది. వరండాలో అత్తయ్య లేచి నిలబడి చీర కొంగు ఊపుతోంది. "వచ్చేసింది! మా కోడలు వచ్చేసింది!" పక్కన ఆ ఇంటాయన చప్పట్లు కొడుతున్నాడు. కుక్క మొరుగుతోంది. మంచక్క వాళ్ళకేసి చెయ్యి ఊపింది. ఊపడంలో ఆగడం మర్చిపోయింది. గుమ్మం దాటి, కట్టెల కుప్ప దాటి, ఊడ్చి పోగేసిన మంచు గుట్టలోకి నడుం దాకా దూసుకుపోయింది.

అందరూ పరిగెత్తుకొచ్చి లాగారు. బయటికొచ్చిన మనిషి నోటి నిండా మంచు. దాన్ని ఉమ్మేసి అన్న మొదటి మాట, "మళ్ళీ పైకి ఎప్పుడు?"

అప్పుడే మాస్టారు కొండ వెనక వైపు నుంచి వచ్చాడు. తలనుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్నాడు, కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది. ఎన్నిసార్లు పడ్డాడో ఆయనకే లెక్కలేదు. ముఖంలో మాత్రం దీపావళి మతాబు వెలుగుతున్నట్టుంది.

"చూశావా దాన్ని? చూళ్ళేదు కదూ? అబ్బ, అది వాలు కాదోయ్, గోడ! గోడ మీంచి దిగాను!"

"నేను కొన మీంచి వచ్చాను! నా కాళ్ళ మీద!"

ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరిది ఎవరూ వినడం లేదు. ఆ మిగిలిన రోజులన్నీ అలాగే గడిచాయి. పొద్దున కుర్చీలు కదలకముందే వెళ్ళి నిలబడేవాళ్ళు. సాయంత్రం బూట్లు విప్పాక కాళ్ళు సొంతవి కావనిపించేవి. సూప్ తాగుతూ తాగుతూనే కళ్ళు మూతలు పడేవి. అత్తయ్య కూడా ఒకరోజు జంట కుర్చీలో కొన దాకా వెళ్ళి, అక్కడున్నవాళ్ళందరి క్షేమసమాచారాలూ కనుక్కుని, అదే కుర్చీలో దిగొచ్చింది.

చివరి రోజు సాయంత్రం ఎండ పచ్చబడుతోంది. కుర్చీలు ఆపేవేళయింది. మంచక్కా మాస్టారూ మంచు దులుపుకుంటూ మళ్ళీ వరసలోకి వచ్చారు. టీచరమ్మ దారికి అడ్డంగా నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఇందాకే కదా ఇదే ఆఖరన్నారు?"

"ఇంకొక్కటి" అన్నారు ఇద్దరూ.

ఆవిడ ఆకాశం వైపు చూసింది, వీళ్ళ వైపు చూసింది. కుర్చీలు నడిపే మనిషికి ఆపొద్దని చెయ్యి ఊపి, పక్కకు తప్పుకుంది. కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ళ వెనక తగిలింది. ఇద్దరూ ధబ్బున కూర్చున్నారు. కాళ్ళు నేలనుంచి లేచాయి.

"పైనుంచి ఈసారి ఇద్దరం కలిసే దిగుదాం" అన్నాడు మాస్టారు.

"నా వైపా, మీ వైపా?" అంది మంచక్క.

కొన వచ్చేదాకా అదే వాదన.